తుపాను నెలలో సున్నా

డిసెంబరు 8, 2002

నేను అన్నం సరిగ్గా తినడం లేదు. కాబట్టి దాచేపల్లి సంబంధం తప్పిపోయినందుకు కుమిలిపోతున్నానని మా ఇంట్లో తీర్మానమైపోయింది. నిన్న అమ్మ పక్కింటావిడతో చెబుతోంది: "సిమెంటు ఫ్యాక్టరీలో పర్మనెంటు ఉద్యోగం వదినా. పిల్ల పైకి అనదు గానీ లోపల్లోపల దిగులు పెట్టుకుంది." నాకు ఆ అబ్బాయి మొహమే గుర్తు లేదు. చొక్కా జేబులో రెండు పెన్నులు పెట్టుకున్నాడు, ఒకదానికి మూత లేదు. అంతే గుర్తు.

ఈ ఇంట్లో ఆడపిల్ల మాట్లాడకపోతే అది పెళ్లి గురించే అయ్యుండాలి. కోపం వచ్చిందేమోనని ఎవరికీ తట్టదు. నాకు వచ్చింది కోపమే. ముద్ద గొంతు దిగనంత కోపం.

నవంబరు ముప్పైన నాన్నని గేజీ పని నుంచి తీసేశారు. ఇరవై రెండేళ్లు చేశాడు. పొద్దున ఎనిమిదికోసారి, సాయంత్రం ఆరుకోసారి రేవులోకి దిగి, గేజీ రాయి మీద గుండ్లకమ్మ మట్టం ఎంతుందో చూసి, రిజిస్టరులో రాసి, నెలాఖరుకి సెక్షనాఫీసుకి కాగితం పంపాలి. అదీ పని. ఈ నవంబరంతా నాన్న సున్నాలు రాశాడు. సున్నాలు కాక ఏం రాస్తాడు? ఒక్క వాయుగుండమూ ఇటు రాలేదు. ఏరంతా ఇసుక.

ఏఈ శేషాచలం నాన్నని ఆఫీసుకి పిలిపించి నలుగురి ముందు ఆ కాగితం ఊపాడట. "ఏమయ్యా బాపయ్యా, మే నెలలోనే ఏనాడూ సున్నా రాయనివాడివి, తుపాను నెలలో రాశావా? ఇంట్లో పడుకుని రాస్తున్నావా?"

"ఒక్కసారొచ్చి చూడండి సార్" అన్నాడట నాన్న.

ఆయన రాలేదు. జీపుంది, డ్రైవరున్నాడు, దారి బాగానే ఉంది. రాలేదు.

నాన్న ఇంటికొచ్చి గొడుగు మేకుకి తగిలించి, "రేపట్నుంచి పోనక్కర్లేదంట" అన్నాడు. అంతే. కానీ ఇవాళ కూడా పొద్దున ఎనిమిదికి చెప్పులేసుకుని వాకిట్లో నిలబడ్డాడు. కాసేపు నిలబడి, చెప్పులు విప్పేసి లోపలికొచ్చాడు.

శేషాచలం గారూ, మీ పేరు ఇక్కడ రాసుకున్నాను.

డిసెంబరు 10

నాన్న పని వీరబాబుకి ఇచ్చారు. పరాయివాడు కూడా కాదు, సొంత పెదనాన్న కొడుకు. రెండో పేరు.

డిసెంబరు 15

సబ్బులు కొనడానికి సెంటర్‌కి వెళ్లాను. టీ కొట్టు బెంచీ మీద నాన్న కూర్చుని ఉన్నాడు. ఎదురు బెంచీ మీద వీరబాబు, ఇంకో నలుగురు.

"ఒరేయ్, మన సున్నా బాపయ్యకి ఒక టీ పొయ్యండ్రా" అన్నాడు వీరబాబు. "గ్లాసు నిండా పొయ్యబాకండి. సగమైనా ఎక్కువే, బాబాయి సున్నా అనే రాసుకుంటాడు."

అందరూ నవ్వారు. నాన్న కూడా నవ్వాడు. నాకు ఒళ్లు మండింది అక్కడే.

ఇంటికొచ్చాక నాన్నని అడిగి ఒక్కొక్క ముక్కే రాబట్టాను. మా రేవు దగ్గర లిఫ్టు పెట్టి మూడు ఊళ్ల మెట్ట చేలకి నీళ్లెక్కిస్తారట. ఈ ఏట్లో నడి ఎండాకాలంలో కూడా నీళ్లుంటాయని ఇరవై రెండేళ్ల కాగితాలు చెబుతున్నాయి కాబట్టి అది మంజూరయ్యే దారిలో ఉందట. సరిగ్గా ఇప్పుడు నాన్న సున్నాలు అడ్డం వచ్చాయి. సున్నాలు మాయం కావాలంటే సున్నాలు రాసేవాడు మాయం కావాలి.

నేను ఊరుకోను. ఇది నాన్న కోసం.

జనవరి 5, 2003

వీరబాబు తనంతట తనే మా గడప తొక్కాడు. చేతిలో నలిగిన కాగితం.

"ఏమే కోటేశ్వరీ, బాబాయికి ఫెయిర్ కాపీలు నువ్వే గదా రాసేదానివి? నాదీ రాసిపెట్టు. నా రాత కోళ్లు గెలికినట్టుందని ఏఈ గారు తిట్టాడు."

నిజమే, పదో తరగతి నుంచి నాన్న కాగితాలన్నీ నేనే రాశాను. రూళ్లకర్ర పెట్టి గళ్లు గీసి, నల్ల సిరాతో తేదీ, ఎర్ర సిరాతో మట్టం. సెక్షనాఫీసులో ఆ కాగితాలు చూసి మెచ్చుకునేవాళ్లని నాన్న చెప్పేవాడు.

వీరబాబు కాగితం చూశాను. డిసెంబరు 1న 0.58 మీటర్లు. 2న 0.57. 3న 0.57. మెట్లు దిగినట్టు ముద్దుగా దిగుతోంది. డిసెంబరంతా ఏట్లో గొర్రెలు పడుకున్నాయి.

"ఇన్ని నీళ్లు ఎక్కడున్నాయన్నయ్యా?"

"నీకెందుకే అదంతా? పోయినేడాది డిసెంబరు కాగితం ఏఈ గారే ఇచ్చాడు. దాంట్లోంచి రెండేసి పాయింట్లు కోసేశా. ఏరు ఎక్కడికి పోద్ది?"

నాతో చెబితే గోడతో చెప్పినట్టే వాడి లెక్క. నేను నవ్వాను. కార్బన్ పెట్టి రాశాను. "పేజీ కింద సంతకం పెట్టాలన్నయ్యా" అన్నాను. గట్టిగా నొక్కి పెట్టాడు. పైది తీసుకుని పోయాడు. అడుగుది నా పెట్టెలో ఉంది.

జనవరి 6

కార్బన్ మీద సంతకం శుభ్రంగా దిగింది. ఇవాళ రెండుసార్లు అడిగి అన్నం పెట్టించుకున్నాను. "పిల్ల తేరుకుంటోంది" అంది అమ్మ నాన్నతో.

జనవరి 19

నాన్న పాత రిజిస్టర్లన్నీ అటక మీద నుంచి దించి గ్రాఫు వేశాను. శేషాచలం మొహాన కొట్టడానికి. ఒంగోలులో మూడేళ్లు చదివిన స్టాటిస్టిక్స్‌కి ఇదొక్కటే ఉపయోగం కనబడింది.

మొదటి పదేళ్లూ చూస్తుంటే కళ్లు చల్లబడతాయి. అక్టోబరు, నవంబరు అంతా వాన విడిచి విడిచి పడేది. ఏరు నెమ్మదిగా నిండి, నెమ్మదిగా దిగేది. ఫిబ్రవరిలో కూడా మోకాలు దాకా ఉండేది. నేను ఆ నీళ్లలోనే ఈత నేర్చుకున్నాను. తర్వాత వాన పడే రోజులు తగ్గిపోతూ వచ్చాయి. పడితే నెలరోజుల వాన రెండు రోజుల్లో కుమ్మరించడం, ఏరు ఎర్రగా ఊరి మీదికి రావడం, పది రోజులకల్లా ఇసుక తేలడం. పైన గట్ల వెంబడి బోర్లు. మిరప చేనుకో బోరు, పత్తి చేనుకో బోరు. పేపర్లో భూమి వేడెక్కుతోందని రాస్తూ ఎక్కడివో మంచుకొండల బొమ్మలు వేస్తారు. మా ఏటికి మంచుకొండ లేదు. వానొక్కటే దిక్కు. ఆ వానకి ఇప్పుడు వేళాపాళా లేదు.

గ్రాఫు అంతా అర్థమైంది, ఒక్కటి తప్ప. 1995 నుంచి ఎండాకాలం గీత అడ్డంగా పడుకుంది. వాన బాగా పడిన ఏడూ అంతే, పడని ఏడూ అంతే. ఫిబ్రవరి నుంచి మే దాకా 0.21, 0.20, 0.22. ఏడాది మారినా మారలేదు.

ఊట అయ్యుంటుంది. ఇసుక కింద ఊట అంత తొందరగా ఆరదు.

ఊటే.

ఫిబ్రవరి 3, సోమవారం

ఇవాళ మధ్యాహ్నం గేజీ పలక పీకేశాను.

ఎండకి రేవులో పురుగు కూడా లేదు. గేజీ రాయికి కింద నుంచి పైదాకా మూడు ఎనామిల్ పలకలు బిగించి ఉంటాయి. తెల్లటి పలక మీద నల్ల గీతలు, అంకెలు. నేను పీకింది అన్నిటికన్నా కిందిది, సున్నా నుంచి మీటరు దాకా ఉన్నది. అది లేకపోతే ఈ రోజుల్లో మా ఏట్లో కొలవడానికి ఏమీ లేనట్టే. నాన్న పానా, కాస్త కిరసనాయిలు తీసుకెళ్లాను. పై బోల్టులు రెండూ తేలిగ్గా వచ్చాయి. అడుగువి ఇసుకలో పూడిపోయి ఉంటే చేత్తో తవ్వాల్సి వచ్చింది. గోళ్లు విరిగాయి. పలకని పత్తికట్టె మోపు మధ్యలో పెట్టి నెత్తిన పెట్టుకొచ్చాను. దారిలో వీరబాబు టీ కొట్టు దగ్గర కూర్చుని పేకాడుతున్నాడు. "ఏంటే, డిగ్రీ చదివి కట్టెలు మోస్తున్నావా?" అన్నాడు. "అవునన్నయ్యా" అన్నాను.

దొరికిపోయినప్పుడు "నిన్ననే ఎవడో ఎత్తుకుపోయాడు సార్" అంటాడు. నాకు తెలుసు వాడి సంగతి. అందుకని ఇన్‌లాండ్ కవరు కొని, ఈ తేదీన, ఈ వేళకి, ఈ నంబరు పలక నేనే తీశానని, ఏట్లో తడి కూడా లేదని రాసి, అంటించి, నా పేరుకే పోస్టు చేశాను. ఇంటికొచ్చాక విప్పను. దాని మీద పోస్టాఫీసు తేదీ ముద్ర చాలు.

ఇది నాన్న కోసమే.

ఫిబ్రవరి 6

ఉత్తరం వచ్చింది. అమ్మ చేతికి.

"ఎవరే అతను?"

"ఎవరూ లేరమ్మా. నేనే రాసుకున్నాను."

"నీకు నువ్వే రాసుకున్నావా?" అమ్మ నా మొహంలోకి చూసింది. కోపం పోయి భయం వచ్చింది ఆమె కళ్లలోకి. "పోనీ వాడిది ఏ కులమైనా సరే చెప్పవే. నాన్నకి నేను నచ్చజెబుతా."

విప్పి చూపిస్తే నిమిషంలో తేలిపోతుంది. విప్పకూడదు. చూపించలేదు. అమ్మ రోజంతా ముక్కు చీదుతూనే ఉంది.

ఫిబ్రవరి 12

పలక పోయి తొమ్మిది రోజులు. వాడు రేవులోకి దిగలేదు.

ఫిబ్రవరి 21

పద్దెనిమిది. దిగలేదు. నాకు ఆకలి బాగా వేస్తోంది.

మార్చి 2

జనవరిది పోయిన నెల ఇలాగే రాసిపెట్టాను. ఇవాళ ఫిబ్రవరి కాగితం తెచ్చాడు. 0.19, 0.19, 0.18. ఇరవై ఐదు రోజులు లేని పలక మీద లేని నీళ్లు చూశాడు మా అన్నయ్య. నవ్వు ఆపుకుంటూ రాశాను. సంతకం పెడుతూ, "నువ్వు మంచిదానివే కోటేశ్వరీ. బాబాయికి నా మీద కోపం పోయేట్టు చెప్పు" అన్నాడు. చెబుతానన్నాను.

పదో తేదీ సోమవారం ఒంగోలు నుంచి శేషాచలం పై ఆఫీసరు ఈఈ గారు లిఫ్టు స్థలం చూడ్డానికి వస్తున్నారట. వీరబాబే చెప్పాడు, గొప్పగా. ఇంతకన్నా మంచి రోజు నేను వెతికినా దొరకదు.

మార్చి 4

మాబు సాహెబ్ బాబాయి దగ్గరికి వెళ్లాను. గేజీ రాయికి పక్కనే ఇసుకలో ప్రతి ఏడూ పుచ్చపాదులు పెట్టేది ఆయనే. సోమవారం సాక్ష్యం చెప్పమని అడుగుదామని. ఈ ఏడు పాదుల్లేవు. పాత పందిరి గుంజలు పీకి మోపు కడుతున్నాడు.

"రా అమ్మాయ్. కాయ కోసి పెడదామంటే ఇసకొక్కటే ఉంది. తింటావా?"

పలక సంగతి చెప్పాను. దగ్గు వచ్చేదాకా నవ్వాడు.

"బాపయ్యన్న కూతురివి అనిపించావు. ఆ రాయితో మీ ఇంటికి ఏం లంకెనో! ఆయన ఎనిమిదేళ్లు దాని కాళ్ల దగ్గర తవ్వీ తవ్వీ నడుం పడగొట్టుకున్నాడు. నువ్వు ఏకంగా పలకే పీక్కుపోయావు."

"ఏం తవ్వాడు?"

ఆయన చేతిలో గుంజ కింద పెట్టాడు. "నీకు తెలవదా?"

"ఏం తవ్వాడు బాబాయ్?"

"నేను చెప్పానని అనబాక." అటూ ఇటూ చూసి చెప్పాడు. "ఏరు ఎండిపోయాక కూడా పొద్దున్నే వచ్చేవాడు మీ నాన్న. నా పార అడుక్కునేవాడు. పలక అడుగు ఇసకలో పూడుకుపోయి ఉంటది గదా, అక్కడ ఒక చెలమ తీసేవాడు. నీళ్లూరేదాకా కూర్చుని ఒక బీడీ తాగి, నీళ్లు తేరాక వంగి అంకె చూసుకునేవాడు. ఇదేం కొలతన్నా అంటే, నీళ్లు నీళ్లే మాబూ అనేవాడు. మొన్న నవంబర్లో నడుం లోతు తవ్వినా తడి తగల్లా. పార నాకిచ్చేసి ఎళ్లిపోయాడు."

మోపు ఎత్తి ఆయన నెత్తిన పెట్టి వచ్చేశాను.

మార్చి 5

ఊట కాదు.

జనవరి పంతొమ్మిదినే నాకు తెలుసు. గీత అలా పడుకోదు. ఏ ఏరూ ఎనిమిదేళ్లు ఒకే మాట మాట్లాడదు. ఫస్టియర్ పిల్ల కూడా చెబుతుంది.

మార్చి 6

నాన్న కల్లంలో మిరపకాయలు తిరగేస్తున్నాడు. ఈ ఏడు కాయలో సగం తాలే. నేనూ ఒక పక్క నుంచి కాలితో తిరగేస్తూ, "చెలమ ఎందుకు తవ్వావు నాన్నా?" అన్నాను.

తలెత్తలేదు. "మాబు చెప్పాడా?"

"ఎందుకు తవ్వావు?"

"నేను అబద్ధం రాయలేదు కోటమ్మా. నీళ్లుండాయి, చూశాను, రాశాను."

"నువ్వు తవ్వితే ఊరిన నీళ్లు."

"ఏటియ్యే గదా?"

నేను కాయలు తిరగేస్తూనే ఉన్నాను. ఆయనే మళ్లీ అందుకున్నాడు. "అప్పట్లో ఒక ఆఫీసరుండేవాడు, ఈయన కాదు, ముందాయన. వరసగా మూడు నెలలు సున్నా పంపితే గేజీ ఎత్తేస్తాం, నీళ్లు లేనిచోట గేజీ ఎందుకయ్యా అన్నాడు. ఎత్తేస్తే ఇంక మన ఏరు ఏ కాగితంలో ఉంటది? ఇయ్యేడు కాకపోతే వచ్చేడు నీళ్లొస్తయ్యిలే అనుకున్నా. అట్టా అనుకుంటా అనుకుంటా..."

"నాతో రాయించావు."

"నీ రాత బాగుంటదని."

ఆయన చేతులు మిరపకాయ ఘాటుకి ఎర్రగా ఉన్నాయి. వాటి మీద జాలి పడదామని చూశాను. శేషాచలం ఆ రోజు ఊపిన కాగితానికి బలం ఎక్కడిది? మే నెలలోనే ఏనాడూ సున్నా రాయనివాడివి అన్నాడు. నిజమే అన్నాడు. నాన్న నిజం రాసిన రోజున నాన్న కాగితాలే నాన్నని పట్టుకున్నాయి. మూడు నెలలు నేను ఆయన పరువు కోసం గోళ్లు విరగ్గొట్టుకుంటుంటే, ఒక్కరోజు కూడా నోరు విప్పలేదు.

"సోమవారం పెద్దాయన వస్తాడంట" అన్నాడు, పరదా సర్దుతూ. "పలక సంగతి నాకు తెలుసులే. పత్తికట్టె మోపులో బోల్టొకటి జారి పడింది. ఆ ముక్క ఒక్కటి చెప్పు. వీరబాబుగాడు పోతాడు. మళ్లీ నన్ను పెట్టుకుంటారు. పాతయ్యి ఎవరికి కావాలి?"

మూడో పేరు రాయాలా? చెయ్యి రావడం లేదు.

మార్చి 8

శేషాచలం వచ్చాడు! ఇన్నాళ్లకి. పంపుహౌసుకి సున్నంతో గీతలు గీయించడానికి. గేజీ రాయి యాభై గజాల దూరంలో ఉంది. అటు తల తిప్పలేదు.

ఊళ్లో సగం మంది ఒడ్డున చేరారు. వచ్చే ఏడు మెట్ట మీద వరి వేస్తామని ఒకడు, రెండో కాపు మిరప వేస్తామని ఒకడు. ఎండిన ఏటి ఒడ్డున నిలబడి మాట్లాడుకుంటున్నారు. ఒక ముసలాయన మాత్రం, "నీళ్లేవి బాబూ?" అన్నాడు.

"ఈ ఏడు కరువు పెద్దాయనా. కరువు ప్రతి ఏడూ రాదు. మాకు సరాసరి ముఖ్యం. ఇరవై రెండేళ్ల సరాసరి బ్రహ్మాండంగా ఉంది" అన్నాడు శేషాచలం. వీరబాబు నన్ను చూపించి ఏదో చెప్పాడు. ఆయన నా వైపు తిరిగి నవ్వాడు.

"బాపయ్య కూతురివా నువ్వు? ఆ ముత్యాల్లాంటి రాత నీదేనా? ఈ లిఫ్టుకి ప్రాణం ఆ పాత కాగితాలేనమ్మాయ్. మీ నాన్న బుద్ధి ఆ ఒక్క నెలా గడ్డి తింది గానీ, మిగతాదంతా నిలబడి ఉంది."

అప్పుడు అర్థమైంది. పలక, కార్బన్ కాపీలు, ముద్ర ఉన్న ఉత్తరం అన్నీ తీసుకెళ్లి చూపిస్తాను. ఈయన అక్కడికక్కడే వీరబాబుని తిడతాడు. తీసేస్తాడు. నాన్నని పిలిచి భుజం తడతాడు. మూడు నెలల కాగితాలు చించేస్తే ఆయనకి పోయేదేం లేదు. పాతవి ఉన్నాయిగా. లిఫ్టు వస్తుంది. ఇసుకలో పంపుహౌసు నిలబడుతుంది. ఈయనకి ప్రమోషన్ వస్తుంది. నేను ఇన్నాళ్లూ పన్నిన పన్నాగమంతా వీరబాబు ఒక్కడికి సరిపడా ఉంది. వీడు ఎంత? టీ కొట్టు బెంచీ అంత.

సగం చెబితే శేషాచలం తప్పించుకుంటాడు. మొత్తం చెబితేనే దొరుకుతాడు.

పలక కనబడకుండా చీరలు చుట్టి సంచీలో సర్దుతుంటే అమ్మ చూసింది. చీరల మధ్య పలక చూసింది. అదేంటో ఆమెకి తెలియలేదు. "లేచిపోయేటప్పుడు ఇనప రేకు ఎందుకే?" అని ఏడుస్తూ అడిగింది. నాకు నవ్వు రాలేదు.

మార్చి 9, ఆదివారం

మాబు బాబాయి కబురు పంపాడు, సాక్ష్యం చెప్పడానికి వస్తానని. వద్దన్నాను. ఏట్లో మళ్లీ పాదులు పెట్టుకోవాలంటే ఆయన ఈ ఊళ్లో అందరితో బతకాలి.

నాన్నకి మధ్యాహ్నం అన్నాల దగ్గర చెప్పాను. చాటుగా చేస్తే నేనూ ఆయనలాగే అవుతాను. "పలక సంగతి చెప్తాను. చెలమ సంగతీ చెప్తాను" అన్నాను.

"నీ తండ్రినే" అన్నాడు.

"అవును."

"లిఫ్టు పోద్దే. మూడూళ్లు మన గుమ్మం ముందుకొస్తయ్యి."

"రానీ."

కంచంలోనే చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. అమ్మ ఎవరి వైపు చూడాలో తెలియక ఇద్దరి వైపూ చూసింది. నేను నా అన్నం తిన్నాను. మజ్జిగ కూడా వేసుకున్నాను.

ఇది నాన్న కోసమని రాస్తూ వచ్చాను. కాదు. డిసెంబరులో కూడా కాదు. నాకు శేషాచలం దొరకాలి. వీరబాబు దొరకాలి. నాన్న దొరకాలి. నా రాతతో నన్ను మోసం చేసినందుకు.

రేపు పది గంటలకి రేవులో ఈఈ గారి చేతికి పలక ఇస్తాను. వీరబాబు సంతకాలున్న మూడు కార్బన్ కాపీలు ఇస్తాను. తెరవని ఉత్తరం ఇచ్చి ఆయన్నే విప్పమంటాను. ఆ తర్వాత, 1995 నుంచి ఎండాకాలం అంకెలన్నీ గేజీ రాయి అడుగున తీసిన చెలమవని, చెలమ తీసింది మా నాన్న గోరంట్ల బాపయ్య అని, అందంగా రాసిపెట్టింది ఆయన కూతురు కోటేశ్వరి అని, ఏఈ గారు ఒక్కరోజు వచ్చి చూసినా ఇదంతా తెలిసేదని చెప్తాను. ఊరందరూ వినేట్టు చెప్తాను.